కోక్ ఓవెన్ల ఉత్పత్తి సామర్థ్యం – చారిత్రక పరిణామం, విశాఖ ఉక్కు కర్మాగారం అనుభవం

(ప్రత్యేక వ్యాసం)

ఉక్కు కర్మాగారాల గురించి పత్రికలలో వార్తలు వచ్చినప్పుడు సాధారణంగా బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు, ఉక్కు టన్నుల లెక్కలు మాత్రమే ప్రస్తావనకు వస్తాయి. ఆ ఫర్నేసులకు ప్రాణాధారమైన కోకును తయారుచేసే ఓవెన్ల విషయం అంతగా వెలుగులోకి రాదు. ఒక సమీకృత ఉక్కు కర్మాగారం ఏడాదికి ఎంత ఇనుము కరిగించగలదనేది మొదట నిర్ణయమయ్యేది కోక్ ఓవెన్ల వద్దనే. కోకు చాలకపోతే బయట నుండి కొనవలసి వస్తుంది, కొనలేకపోతే ఫర్నేసును నిలుపవలసి వస్తుంది. ఈ నేపథ్యంలో కోక్ ఓవెన్ల సామర్థ్యం కాలక్రమంలో ఏ విధంగా పెరిగినదీ, ఆ అంకెలను ఏ విధంగా అర్థం చేసుకోవలసినదీ పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం ఈ వ్యాసంలో వివరించడమైనది.

కోకు అనగానేమి?

గాలి సోకకుండా మూసిన గదిలో ప్రత్యేక లక్షణాలు గల బొగ్గును 1,000 డిగ్రీల సెల్సియస్ పైబడిన వేడికి గురిచేసినప్పుడు అందులోని వాయువులు, తారు, ఇతర ఆవిరులు వెలువడి గట్టి, రంధ్రాలు గల కర్బన పదార్థం మిగులుతుంది. అదే కోకు. బ్లాస్ట్ ఫర్నేసులో ఇది మూడు పనులు చేస్తుంది. వేడినిచ్చే ఇంధనంగా మండుతుంది. ఇనుప ఖనిజంలోని ఆమ్లజనిని తొలగించే వాయువును సమకూరుస్తుంది. పైనుండి పడే వేల టన్నుల ముడిసరుకు బరువును మోస్తూ వాయువులు పైకి పోవడానికి దారి నిలుపుతుంది. మొదటి రెండు పనులను కొంతవరకు బొగ్గు పొడి వంటి ఇతర ఇంధనాలు చేయగలవు. మూడవ పనికి కోకుకు ప్రత్యామ్నాయం లేదు. అందువలననే ఎంత ఆధునికమైన బ్లాస్ట్ ఫర్నేసయినా కోకు లేకుండా నడవదు.

అన్ని రకాల బొగ్గు కోకుగా మారదు. వేడిచేసినప్పుడు మెత్తబడి, ఉబ్బి, తిరిగి గట్టిపడే గుణం ఉన్న బొగ్గు మాత్రమే ఇందుకు పనికివస్తుంది. దీనిని కోకింగ్ బొగ్గు అంటారు. తెలుగు నేలకు సుపరిచితమైన సింగరేణి బొగ్గు ప్రధానంగా విద్యుదుత్పత్తికి, సిమెంటు వంటి పరిశ్రమలకు ఉపయోగపడే రకం. దానితో ఫర్నేసు కోకు తయారు కాదు. దేశంలో కోకింగ్ బొగ్గుకు ప్రసిద్ధి చెందిన ఝరియా క్షేత్రంలో సైతం బూడిద శాతం ఎక్కువ. ఈ కారణంగా తీరప్రాంతంలో నిర్మించిన విశాఖ కర్మాగారం ప్రధానంగా దిగుమతి బొగ్గుపై ఆధారపడినది.

తేనెతుట్టె ఓవెన్ల నుండి బ్యాటరీల వరకు

ఇంగ్లండులోని కోల్‌బ్రూక్‌డేల్‌లో 1709లో అబ్రహాం డార్బీ కర్రబొగ్గుకు బదులుగా కోకుతో ఇనుమును కరిగించడం ఈ పరిశ్రమకు నాంది. తొలినాళ్లలో బొగ్గును కుప్పగా పోసి, పైన మట్టి కప్పి కాల్చేవారు. తరువాత గుమ్మటం ఆకారంలో ఇటుకలతో కట్టిన ఓవెన్లు వచ్చాయి. తేనెతుట్టెను పోలి ఉండడంతో వాటికి ఆ పేరే స్థిరపడినది. ఒక్కొక్కటి మూడు నుండి మూడున్నర మీటర్ల వ్యాసంతో ఉండి, ఐదు నుండి ఏడు టన్నుల బొగ్గును పట్టేది. కోకు తయారు కావడానికి రెండు నుండి మూడు రోజులు పట్టేది. వెలువడే వాయువులో కొంత లోపలనే మండి ఓవెన్‌ను వేడిచేయగా, మిగిలినది ఆకాశంలో కలిసిపోయేది. తారు, అమ్మోనియా, బెంజాల్ వంటి విలువైన పదార్థాలు పూర్తిగా వృథా అయ్యేవి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో కనెల్స్‌విల్ ప్రాంతం ఇటువంటి ఓవెన్లకు ప్రపంచంలోనే పేరెన్నిక గన్నది.

ఈ ఓవెన్ల సామర్థ్యాన్ని నేటి లెక్కతో పోల్చి చూడడం ఉపయుక్తంగా ఉంటుంది. ఆరు టన్నుల బొగ్గు నుండి నూటికి 60 – 65 పాళ్ల చొప్పున సుమారు 3.8 టన్నుల కోకు, అదీ రెండు రోజులకు ఒకసారి లభించేది. అనగా ఒక్క ఓవెన్ ఏడాది పొడవునా నిర్విరామంగా నడిచినా ఉత్పత్తి 700 టన్నులకు మించదు. విశాఖ కర్మాగారం తొలి దశలో నెలకొల్పిన మూడు బ్యాటరీల వార్షిక సామర్థ్యానికి సమానంగా కోకు తయారుచేయాలంటే ఇటువంటి గుమ్మటాలు మూడు వేలకు పైగా కావలసి ఉంటుంది.

19వ శతాబ్ది ద్వితీయార్థంలో ఐరోపాలో ఈ విధానం మారినది. ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీ దేశాల ఇంజనీర్లు గుమ్మటాన్ని విడిచి, సన్నగా, పొడవుగా, ఎత్తుగా ఉండే గదులను పక్కపక్కన పేర్చి నిర్మించారు. రెండు గదుల మధ్య గోడలో వాయువు మండే గొట్టాలు ఉంటాయి. వేడి రెండు వైపుల నుండి లోనికి ప్రసరిస్తుంది. ఈ వరుసకే బ్యాటరీ అని పేరు. వెలువడే వాయువును గొట్టాల ద్వారా బయటకు రప్పించి, తారును, అమ్మోనియాను, బెంజాల్‌ను వేరుచేసి, శుద్ధమైన వాయువులో కొంత భాగాన్ని తిరిగి ఓవెన్లను వేడిచేయడానికే వినియోగించడం మొదలయినది. పొగలోని వేడిని ఇటుకల గదులలో నిలువచేసి లోనికి వచ్చే గాలిని వేడిచేసే పద్ధతి 1880 దశకంలో జర్మనీలో ఆచరణలోకి వచ్చినది. 20వ శతాబ్ది ప్రారంభంలో హైన్రిచ్ కాపర్స్ రూపకల్పన చేసిన ఓవెన్లు ప్రపంచమంతటా వ్యాపించాయి. అమెరికాలో మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పేలుడు పదార్థాలకు, రంగులకు అవసరమైన రసాయనాల గిరాకీ ఈ మార్పును వేగవంతం చేసినది. ఆ దేశంలో ఉపఉత్పత్తులు లభించే ఓవెన్ల కోకు పరిమాణం తేనెతుట్టె ఓవెన్ల కోకు పరిమాణాన్ని 1919లో దాటినది.

గోడలకు సిలికా ఇటుకలను వాడడం మరొక ముఖ్యమైన మలుపు. మామూలు అగ్ని ఇటుకల కంటే ఇవి ఎక్కువ వేడిని తట్టుకొని, వేడిని త్వరగా ప్రసరింపజేస్తాయి. దీనితో రెండు, మూడు రోజుల కోకింగ్ కాలం ఒక రోజు లోపునకు తగ్గినది. గది పరిమాణం పెరగకుండానే ఉత్పత్తి రెట్టింపయినది.

భారతదేశంలో

మన దేశంలో ఆధునిక ఉక్కు పరిశ్రమ జంషెడ్‌పూర్‌లో 1911 – 12లో ఆరంభమయినది. స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వ రంగంలో నిర్మించిన కర్మాగారాలు కోకు తయారీని కొత్త స్థాయికి తీసుకువచ్చాయి. సోవియట్ సహకారంతో నిర్మించిన భిలాయిలో తొలి కోక్ ఓవెన్ బ్యాటరీ 1959 జనవరి 31న ప్రారంభమయినది. నాలుగు రోజుల తరువాత, ఫిబ్రవరి 4న, నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఈ వరుస గమనించదగినది. కోకు సిద్ధంగా లేనిదే ఫర్నేసును వెలిగించరాదు.

భిలాయి తొలి బ్యాటరీలలో ఒక్కొక్క దానికి 65 ఓవెన్లు ఉండగా, వాటి ఎత్తు 4.3 మీటర్లు. తరువాతి కాలంలో అదే కర్మాగారంలో 7 మీటర్ల ఎత్తుతో, 67 ఓవెన్లు గల బ్యాటరీలు చేరాయి. ఒక తరం కాలంలో ఒక్కొక్క ఓవెన్ పరిమాణం దాదాపు రెట్టింపయినది.

విశాఖ ఉక్కు కర్మాగారం

'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' నినాదంతో 1966లో సాగిన ఉద్యమం, అందులో జరిగిన ప్రాణత్యాగాలు తెలుగు ప్రజలకు విదితమే. కర్మాగార స్థాపన నిర్ణయాన్ని 1970 ఏప్రిల్ 17న నాటి ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగినది. 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరినది. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్ ఏర్పాటయినది. 1989లో తొలి కోక్ ఓవెన్ బ్యాటరీ, 1990లో 'గోదావరి' పేరిట తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమయ్యాయి. 1992 ఆగస్టు 1న నాటి ప్రధానమంత్రి శ్రీ పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఇచ్చట కూడా ఫర్నేసు కంటే ముందు కోక్ ఓవెన్లే వెలిగాయి.

తొలి దశ కోక్ ఓవెన్ల ముఖ్య వివరాలు ఇవి:

బ్యాటరీల సంఖ్య: 3
ఒక్కొక్క బ్యాటరీలో ఓవెన్లు: 67
మొత్తం ఓవెన్లు: 201
ఓవెన్ ఎత్తు: 7 మీటర్లు
ఓవెన్ పరిమాణం: 41.6 ఘనపు మీటర్లు
కోకింగ్ కాలం: 16 నుండి 18 గంటలు
వార్షిక సామర్థ్యం: 22.61 లక్షల టన్నులు

ఈ కోకును అందుకొనే రెండు బ్లాస్ట్ ఫర్నేసులు 'గోదావరి', 'కృష్ణా' ఒక్కొక్కటి 3,200 ఘనపు మీటర్ల పరిమాణం గలవి. రెండింటి వార్షిక సామర్థ్యం 34 లక్షల టన్నుల ద్రవ ఇనుము. అనంతరం విస్తరణలో భాగంగా నాలుగవ బ్యాటరీ, 'అన్నపూర్ణ' పేరిట మూడవ ఫర్నేసు, తరువాత ఐదవ బ్యాటరీ చేరాయి.

సామర్థ్యాన్ని లెక్కించు విధానం

22.61 లక్షల టన్నులన్న అంకె ఏ విధంగా వస్తుంది? ఈ లెక్క తెలిసినచో ఏ కర్మాగారం ప్రకటించే అంకెనైనా సరిచూచుకొనవచ్చును. ఇందుకు ఐదు విషయాలు తెలియవలెను. అవి ఓవెన్ల సంఖ్య, ఒక్కొక్క దానిలో పట్టే బొగ్గు, కోకింగ్ కాలం, బొగ్గు నుండి లభించే కోకు శాతం, అందులో ఫర్నేసుకు పనికివచ్చే ముక్కల శాతం.

ఘనపు మీటరుకు ముప్పాతిక టన్ను చొప్పున 41.6 ఘనపు మీటర్ల ఓవెన్‌లో సుమారు 31 టన్నుల బొగ్గు పడుతుంది. కోకింగ్ కాలం 16 గంటలయినచో ఒక్కొక్క ఓవెన్ రోజుకు ఒకటిన్నర పర్యాయాలు ఖాళీ అవుతుంది. 201 ఓవెన్లకు రోజుకు సుమారు 300 పర్యాయాలు. దీనిని కార్మికుల వాడుకలో పుషింగ్ అంటారు. ఆ లెక్కన రోజుకు సుమారు 9,400 టన్నుల బొగ్గు ఓవెన్లలోకి పోతుంది. నూటికి 75 పాళ్లు కోకుగా మారినచో రోజుకు 7,000 టన్నులు, ఏడాదికి సుమారు 25.7 లక్షల టన్నులు. ఈ కోకును జల్లించినప్పుడు చిన్న ముక్కలు, పొడి వేరుపడతాయి. పెద్ద ముక్కలు నూటికి 88 పాళ్లు అనుకొన్నచో ఫర్నేసుకు చేరేది సుమారు 22.6 లక్షల టన్నులు. ఉజ్జాయింపుగా వేసిన ఈ లెక్క ప్రకటిత సామర్థ్యానికి దాదాపు సరిపోవుచున్నది. జల్లెడ కిందికి దిగిన పొడి వృథా కాదు. ఇనుప ఖనిజం పొడిని ముద్దకట్టించే సింటర్ ప్లాంటులో ఇంధనంగా వినియోగమవుతుంది.

దీనిని బట్టి ఒక విషయం స్పష్టమవుతున్నది. ఒకే ఓవెన్లకు 25.7 లక్షల టన్నులనీ, 22.6 లక్షల టన్నులనీ రెండు అంకెలు చెప్పవచ్చును. రెండూ సరియైనవే. మొదటిది మొత్తం కోకు, రెండవది ఫర్నేసు కోకు. రెండు కర్మాగారాలను పోల్చేటప్పుడు ఒకదానికి మొదటి అంకెను, మరొకదానికి రెండవ అంకెను తీసుకొన్నచో నూటికి పది పాళ్లకు మించి పొరపాటు జరుగుతుంది.

కోకింగ్ కాలం ప్రాముఖ్యం

పై ఐదు అంశాలలో ఇంజనీరు చేతిలో రోజువారీ మారగలిగినది కోకింగ్ కాలం ఒక్కటే. ఓవెన్ల సంఖ్య మారదు, పరిమాణం మారదు. కోకింగ్ కాలం 16 గంటల నుండి 18 గంటలకు పెరిగినచో పుషింగ్‌లు రోజుకు 268కి తగ్గి, మొత్తం కోకు 22.9 లక్షల టన్నులకు దిగుతుంది. రెండు గంటల తేడాకు ఏడాదికి సుమారు 2.8 లక్షల టన్నుల నష్టం. 24 గంటలయినచో ఉత్పత్తి 17 లక్షల టన్నులకు, 32 గంటలయినచో పూర్తి సామర్థ్యంలో సగానికి పడిపోతుంది. అయినప్పటికీ అన్ని ఓవెన్లూ నడుస్తూనే ఉంటాయి. వార్తలో 'అన్ని బ్యాటరీలూ పనిచేస్తున్నవి' అన్న మాట నిజమే అయినా అది పూర్తి ఉత్పత్తికి నిదర్శనం కాదు.

కాలాన్ని మరీ తగ్గించుట కూడా సాధ్యం కాదు. గది మధ్యలోని బొగ్గు పూర్తిగా కోకుగా మారకమునుపే నెట్టినచో ముక్కలు పెళుసుబారి ఫర్నేసులో పొడి అవుతాయి. దట్టమైన పొగ వెలువడుతుంది. గోడల వేడిని పరిమితికి మించి పెంచినచో ఇటుకలు దెబ్బతింటాయి.

ఓవెన్లను ఎందుకు ఆర్పరాదు?

కోక్ ఓవెన్ల విషయంలో విధాన నిర్ణేతలు ప్రధానంగా గుర్తుంచుకొనవలసిన అంశమిది. మోటారును ఆపి తిరిగి నడిపినట్లు కోక్ ఓవెన్ బ్యాటరీని ఆపి నడపడం కుదరదు. సిలికా ఇటుకలు అధిక వేడి వద్ద స్థిరంగా ఉన్నా, చల్లబడి 600 డిగ్రీల కంటే దిగువకు వచ్చినప్పుడు వాటి స్ఫటిక రూపం మారుతుంది. దానితో పాటు పరిమాణమూ మారుతుంది. గోడలు బీటలు వారుతాయి, జోడింపులు విడిపోతాయి. కొత్త బ్యాటరీని తొలిసారి వేడిచేయడానికి కూడా ఇదే కారణంగా రెండు, మూడు నెలల సమయం తీసుకొని, రోజుకు కొద్ది డిగ్రీల చొప్పున పెంచుతారు. ఒకసారి వెలిగిన బ్యాటరీ దాని జీవితకాలమంతా, పండుగలలోనూ సమ్మెలలోనూ తుఫానులలోనూ, వేడిగా ఉండవలసినదే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖ నగరాన్ని అతలాకుతలం చేసిన సందర్భం ఈ అవసరం ఎంత కఠినమైనదో గుర్తుచేస్తుంది.

బొగ్గు కొరత వచ్చినప్పుడు కర్మాగారాలు బ్యాటరీని ఆర్పక, కోకింగ్ కాలాన్ని పొడిగించి, కొద్దిపాటి బొగ్గుతోనే వేడిని నిలుపుకొనడానికి కారణం ఇదే. అది ఉత్పత్తి కోసం చేసే పని కాదు, సామర్థ్యాన్ని కాపాడుకొనే పని. బ్లాస్ట్ ఫర్నేసును కొన్ని నెలలు నిలిపి తిరిగి నడపవచ్చును. చల్లబడిన కోక్ ఓవెన్ బ్యాటరీ విషయంలో పునర్నిర్మాణమే శరణ్యం కావచ్చును.

విశాఖ కర్మాగారానికి సొంత బొగ్గు, ఇనుప ఖనిజ గనులు లేకపోవడం, దిగుమతి బొగ్గు ధరల హెచ్చుతగ్గులు ఈ సమస్యను తరచు ముందుకు తెచ్చాయి. 2022 – 2024 మధ్య ముడిసరుకు, నిధుల కొరత కారణంగా మూడు ఫర్నేసులూ ఒకేసారి నడవని కాలం గణనీయంగా ఉన్నది. 2025 జనవరిలో కేంద్ర ప్రభుత్వం రూ. 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీని ఆమోదించినది. మూడవ ఫర్నేసు 2025 జూన్‌లో తిరిగి ఉత్పత్తిలోకి వచ్చినది. ఇటువంటి సందర్భాలలో ఫర్నేసుల స్థితితో పాటు బ్యాటరీల కోకింగ్ కాలం ఎంత ఉన్నదనే వివరం కూడా సేకరించినచో కర్మాగార ఆరోగ్యం మరింత స్పష్టంగా తెలియగలదు.

బ్యాటరీ సాధారణ జీవితకాలం 25 నుండి 40 ఏళ్లుగా పరిగణింపబడుచున్నది. విశాఖలోని తొలి మూడు బ్యాటరీలు 30 ఏళ్లు దాటినవి. వయసు మళ్లిన బ్యాటరీలో గోడలకు వేడిగా ఉండగానే అతుకులు వేయడం, కొన్ని ఓవెన్లను ఖాళీగా ఉంచి మరమ్మతు చేయడం సహజం. పై లెక్క ప్రకారం ఒక్క ఓవెన్ ఏడాది పాటు పనిచేయకపోతే సుమారు 12,800 టన్నుల కోకు తగ్గుతుంది. నిర్మాణ కాలపు సామర్థ్యాన్నే ముప్పది ఏళ్ల తరువాత కూడా యథాతథంగా ఉటంకించడం సమంజసం కాదు.

కోకు వినియోగ రేటు

సామర్థ్యాన్ని మరొక కోణం నుండి కూడా చూడవలసి ఉన్నది. తొలి దశ రూపకల్పనలో 34 లక్షల టన్నుల ఇనుముకు 22.61 లక్షల టన్నుల కోకు, అనగా టన్ను ఇనుముకు సుమారు 665 కిలోలు. ఫర్నేసులోకి బొగ్గు పొడిని ఊదడం, ఖనిజం నాణ్యత పెంచడం, గాలి వేడి పెంచడం వంటి చర్యలతో ప్రపంచంలో ఉత్తమ ఫర్నేసులు ఈ వినియోగాన్ని 300 – 400 కిలోల స్థాయికి తగ్గించాయి. టన్నుకు 500 కిలోలు సరిపోయినచో అదే 22.61 లక్షల టన్నుల కోకుతో 45 లక్షల టన్నుల ఇనుము తయారు చేయవచ్చును. కొత్త ఓవెన్ ఒక్కటి కూడా కట్టకుండా సామర్థ్యం మూడవ వంతు పెరిగినట్లే. కోకు సామర్థ్యం సరిపోతుందా లేదా అన్న ప్రశ్నకు ఫర్నేసు వినియోగ రేటు తెలియకుండా సమాధానం చెప్పుట సాధ్యం కాదు.

పొడి చల్లార్పు, ఉపఉత్పత్తులు

ఓవెన్ నుండి నెట్టిన కోకు ఎర్రగా, 1,000 డిగ్రీల వేడితో ఉంటుంది. సంప్రదాయ పద్ధతిలో దానిపై నీరు గుమ్మరించి చల్లార్చేవారు. వేడి అంతా ఆవిరిగా గాలిలో కలిసేది. విశాఖలో నత్రజని వాయువును మూసిన గదులలో ప్రసరింపజేసి చల్లార్చే ఏర్పాటుతోనే బ్యాటరీలను నిర్మించారు. ఒక్కొక్క బ్యాటరీకి అనుబంధంగా నాలుగు గదులు, ఒక్కొక్క గదికి గంటకు 50 టన్నుల పైబడిన సామర్థ్యం ఉన్నవి. పూర్తి ఉత్పత్తిలో ఒక బ్యాటరీ నుండి గంటకు వచ్చే కోకు సుమారు 98 టన్నులు. అనగా మరమ్మతులకు గదులను నిలిపినా పని ఆగకుండా తగిన వెసులుబాటు ఉన్నది. గ్రహించిన వేడితో ఆవిరి తయారై, 7.5 మెగావాట్ల టర్బైన్లను నడుపుతుంది. నీటి ఆదాతో పాటు కోకు గట్టిదనం పెరగడం మరొక ప్రయోజనం.

టన్ను పొడి బొగ్గు నుండి సుమారు 300 ఘనపు మీటర్లకు పైగా ఇంధన వాయువు లభిస్తుంది. రోజుకు 9,400 టన్నుల బొగ్గు వినియోగమైనచో వాయువు 28 లక్షల ఘనపు మీటర్లకు మించుతుంది. ఇది ఓవెన్లకు, రోలింగ్ మిల్లుల కొలుములకు ఇంధనం. బొగ్గు బరువులో నూటికి మూడు, నాలుగు పాళ్లు తారు, సుమారు ఒక పాలు చొప్పున బెంజాల్, అమ్మోనియం సల్ఫేట్ లభిస్తాయి. విశాఖ కర్మాగారం అమ్మోనియం సల్ఫేట్ ఎరువును 'పుష్కల' పేరుతో విక్రయిస్తూ వచ్చినది. కోక్ ఓవెన్ నడక మందగిస్తే వాయువు తగ్గి రోలింగ్ మిల్లులు, ఎరువు తగ్గి రైతులు కూడా ఆ ప్రభావానికి లోనవుతారు.

ప్రపంచంలో తాజా ధోరణులు

ఓవెన్ల సంఖ్యను పెంచడం కంటే పరిమాణాన్ని పెంచడం వైపు ఐరోపా మొగ్గినది. జర్మనీలోని డ్యూస్‌బర్గ్ నగరంలో 2003లో ప్రారంభమైన ష్వెల్గెర్న్ కేంద్రంలో 140 ఓవెన్లు మాత్రమే ఉన్నవి. ఒక్కొక్కటి 8 మీటర్లకు మించిన ఎత్తు, దాదాపు 21 మీటర్ల పొడవు, 93 ఘనపు మీటర్ల పరిమాణం గలది. ఒక్కసారి సుమారు 79 టన్నుల బొగ్గు పడుతుంది. కోకింగ్ కాలం సుమారు 25 గంటలు. రోజుకు 135 పుషింగ్‌లతో ఏడాదికి 26 లక్షల టన్నుల పైబడి కోకు తయారవుతుంది. విశాఖ తొలి దశలో 300 పుషింగ్‌లతో లభించే పరిమాణం అచ్చట అందులో సగం లోపు పుషింగ్‌లతోనే లభిస్తున్నది. తలుపు తెరిచిన ప్రతిసారీ పొగ, ధూళి వెలువడతాయి కనుక ఈ తేడా పర్యావరణ దృష్ట్యా కీలకం.

పెద్ద సామర్థ్యమే మనుగడకు హామీ కాదనడానికి అదే దేశంలోని డార్ట్‌మండ్ నగరపు కైజర్‌స్టూల్ కేంద్రం ఉదాహరణ. 1992లో ప్రారంభమై, 120 ఓవెన్లతో ఏడాదికి 20 లక్షల టన్నుల సామర్థ్యం గల ఈ కేంద్రం 2000 సంవత్సరాంతంలో మూతపడినది. స్థానిక ఉక్కు ఉత్పత్తి తరలిపోవడమే ఇందుకు కారణం. అనంతరం చైనా సంస్థ దానిని విడదీసి ఓడలపై తమ దేశానికి తరలించినది. కొద్ది ఏళ్లకే ప్రపంచ విపణిలో కోకు ధర అమాంతం పెరిగినది. 2020 దశకంలో చైనా ఏడాదికి 45 కోట్ల టన్నులకు పైగా కోకును, అనగా ప్రపంచ ఉత్పత్తిలో సగానికి మించిన భాగాన్ని తయారుచేస్తున్నది. మరోవైపు కోకుతో ఇనుము తయారీకి పుట్టినిల్లయిన బ్రిటన్‌లో పోర్ట్ టాల్బట్ కోక్ ఓవెన్లు 2024 మార్చిలో మూతపడినవి.

బొగ్గును పలకలా కుదించి, దిట్టంగా చేసి ఓవెన్‌లోకి పంపే స్టాంప్ ఛార్జింగ్ పద్ధతి మరొక మార్గం. ఘనపు మీటరుకు ముప్పాతిక టన్ను పట్టే చోట ఒక టన్నుకు పైగా పడుతుంది. తక్కువ నాణ్యత గల బొగ్గును కూడా కొంత కలపవచ్చును. జంషెడ్‌పూర్‌లో ఈ విధానం 1980 దశకం చివరలోనే ప్రవేశించినది. దిగుమతి భారం అధికంగా గల మన దేశానికి ఇది విశేష ప్రయోజనకారి.

కార్మికుల భద్రత, ఆరోగ్యం

సామర్థ్యం గురించిన ఏ చర్చయినా ఆ ఓవెన్లపై పనిచేసే మనుషుల ప్రస్తావన లేనిదే సంపూర్ణం కాదు. కోకు తయారీలో వృత్తిపరంగా సోకే పొగలు మానవులలో క్యాన్సర్ కారకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించి, మొదటి వర్గంలో చేర్చినది. ఓవెన్ల పైకప్పు మీద పనిచేసేవారికి ఈ ముప్పు అధికం. 67 ఓవెన్ల బ్యాటరీకి ఇరువైపులా కలిపి 134 తలుపులు ఉంటాయి. దేశంలోని ప్రమాణాల ప్రకారం కొత్త బ్యాటరీలలో తలుపుల లీకేజీ నూటికి 5, పాత వాటిలో 10 మించరాదు. అనగా ఒక కొత్త బ్యాటరీలో ఏ సమయంలోనయినా ఆరు తలుపులకు మించి పొగ కారరాదు.

వాయువు విషయంలోనూ అప్రమత్తత అత్యవసరం. కోక్ ఓవెన్ వాయువులో ఉదజని, మీథేన్‌తో పాటు విషపూరితమైన కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. 2018 అక్టోబరు 9న భిలాయిలో కోక్ ఓవెన్ల వాయు గొట్టం వద్ద సంభవించిన ప్రమాదంలో పది మందికి పైగా సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. అది ఉత్పత్తి సమయంలో కాక మరమ్మతు పనుల సందర్భంలో జరగడం గమనార్హం. వయసు మళ్లిన బ్యాటరీలకు మరమ్మతులు పెరిగేకొద్దీ ఈ జాగ్రత్త మరింత పెరగవలెను.

పాత్రికేయులు, అధికారులు గమనించవలసిన అంశాలు

1. ప్రకటించిన సామర్థ్యం మొత్తం కోకుకు సంబంధించినదా, జల్లించిన ఫర్నేసు కోకుకు సంబంధించినదా అన్నది నిర్ధారించుకొనవలెను.

2. ఓవెన్ల సంఖ్య ఒక్కటే పోలికకు చాలదు. పరిమాణం, కోకింగ్ కాలం జతచేసినప్పుడే అర్థవంతమవుతుంది.

3. రోజుకు ఎన్ని పుషింగ్‌లు జరుగుచున్నవన్న ఒక్క అంకె బ్యాటరీ వాస్తవ స్థితిని సూచిస్తుంది. విశాఖ తొలి మూడు బ్యాటరీలకు పూర్తి స్థాయి అంకె సుమారు 300.

4. బ్యాటరీ వయస్సు, మరమ్మతులో గల ఓవెన్ల సంఖ్య తెలియకుండా నిర్మాణ కాలపు సామర్థ్యాన్ని నేటి సామర్థ్యంగా పేర్కొనరాదు.

5. బొగ్గు నిల్వలను టన్నులలో కాక రోజులలో చెప్పుట మేలు. పూర్తి స్థాయిలో మూడు బ్యాటరీలకు రోజుకు 9,400 టన్నులు అవసరం కనుక లక్ష టన్నుల నిల్వ పెద్దదిగా తోచినా, అది పదకొండు రోజులకు లోపే.

6. ఉత్పత్తి తగ్గించినంత మాత్రాన ఖర్చు అదే నిష్పత్తిలో తగ్గదు. బ్యాటరీని వేడిగా నిలుపుకొనే వ్యయం కొనసాగుతూనే ఉంటుంది.

మూడు శతాబ్దాలలో కోక్ ఓవెన్ సామర్థ్యం రెండు రోజులకు నాలుగు టన్నుల స్థాయి నుండి ఒక్క పుషింగ్‌కు యాభై టన్నుల స్థాయికి ఎదిగినది. ఆ క్రమంలో వృథా తగ్గినది, ఉపఉత్పత్తులు పెరిగినవి, పొగ కొంత అదుపులోకి వచ్చినది. అయితే ఇటుక గోడను చల్లారనీయరాదన్న నియమం మాత్రం మారలేదు. విశాఖ ఉక్కు కర్మాగారం వంటి సంస్థల విషయంలో బొగ్గు సరఫరా ఒప్పందాలు, నిధుల విడుదల, మరమ్మతుల ప్రణాళికలపై తీసుకొనే ప్రతి నిర్ణయంలోనూ ఈ నియమాన్ని దృష్టిలో ఉంచుకొనవలసి ఉన్నది. ఒక నెల ఆలస్యం ఆ నెల ఉత్పత్తినే గాక, రాబోయే ఏళ్ల సామర్థ్యాన్ని కూడా హరించే అవకాశం ఉన్నది.